పొట్లం మందు, వైద్య ధర్మం: ఒక నేపథ్యం

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లనొప్పులకూ నడుమునొప్పికీ ‘గ్యారంటీ’ వైద్యం చేస్తామనే గోడరాతలు కొత్తేమీ కాదు. దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఆ ఊళ్లలో, వంగిపోయిన ఎముకను నిటారు చేసే మందు ఏ వైద్య పద్ధతిలోనూ లేదు. అయినా కాస్త ఉపశమనం దొరికితే చాలని నాటు వైద్యుల దగ్గర కాగితం పొట్లాల్లో చూర్ణం తెచ్చుకునేవారు ఉన్నారు. ఆ పొట్లం కట్టే వైద్యుడికి ఉండవలసిన కట్టుబాట్ల గురించి ఆయుర్వేదం మొదటినుంచీ మాట్లాడుతూనే ఉంది.

చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో గురువు శిష్యుడికి విధించే నియమాలు ఉన్నాయి. రోగి మేలు కోసం రాత్రింబవళ్లు పాటుపడాలి, ప్రాణం మీదికి వచ్చినా అతనికి ద్రోహం తలపెట్టరాదు, ఆ ఇంటి గుట్టు బయటపెట్టరాదు. రాజు ద్వేషించేవారికి వైద్యం చేయరాదన్న నియమమూ అక్కడే ఉంది కనుక, నేటి నియమావళి అంతా చరకుడే రాసిపెట్టాడనే ఉత్సాహాన్ని కొంత అదుపులో ఉంచుకోవడం మంచిది. సూత్రస్థానం మొదటి అధ్యాయం మాత్రం ఇప్పటికీ సూటిగా తగులుతుంది: పండితుడి వేషం వేసుకుని, శరణని వచ్చిన రోగి నుంచి అన్నమో ధనమో పుచ్చుకోవడం కన్నా పాము విషమో మరిగిన రాగి లోహమో తాగడం మేలంటుంది. అసాధ్య రోగానికి వైద్యం మొదలుపెట్టినవాడు ధనాన్నీ విద్యనూ కీర్తినీ పోగొట్టుకుంటాడని పదో అధ్యాయం హెచ్చరిస్తుంది. రాజు అనుమతి పొందాకే వృత్తిలోకి దిగాలన్నాడు సుశ్రుతుడు. రిజిస్ట్రేషన్‌కు బీజం అక్కడ ఉందనుకోవచ్చు.

నిజాం ఏలుబడిలో హైదరాబాద్‌లో యునానీకి ఆసుపత్రి, తిబ్బీ (యునానీ వైద్య) కళాశాల ఏర్పడినా, పల్లెల్లో వైద్యం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్యగానే సాగింది.

స్వాతంత్ర్యం తరువాత చట్టాలు ఒకటొకటిగా వచ్చాయి. నయం చేస్తామని ప్రకటించుకోరాదంటూ 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం షెడ్యూలులో పెట్టిన 54 రోగాల జాబితాలో కీళ్లవాతం ఉంది, ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ లేదు. 1970 చట్టంతో భారతీయ వైద్య కేంద్ర మండలి, 1982లో ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్యులకు వృత్తి నీతి నియమావళి వచ్చాయి. 2020 చట్టం మండలి స్థానంలో జాతీయ కమిషన్‌ను, దాని కింద నీతి, రిజిస్ట్రేషన్ బోర్డును పెట్టింది. ఒక పద్ధతి చదివి మరో పద్ధతి మందులు రాసే విషయంలో 1996లో, 1998లో సుప్రీంకోర్టు గీతలు గీసింది.

అసలు చిక్కు ఔషధ చట్టంలో ఉంది. 1964 సవరణతో ఆయుర్వేద, యునానీ మందుల తయారీకి లైసెన్సు అవసరమైంది. అయితే తన దగ్గరికి వచ్చే రోగుల కోసం వైద్యుడో హకీమో స్వయంగా తయారుచేసే మందుకు చట్టం మినహాయింపు ఇచ్చింది. పచ్చి ఆకు నూరి అప్పటికప్పుడు పసరు ఇచ్చే వృత్తికి ఆ వెసులుబాటు లేకపోతే బతుకే లేదు కనుక అది న్యాయమైనదే. కాని ఆ పొట్లంలో ఏముందో చెప్పే పూచీ వైద్యుడి మనస్సాక్షికే మిగిలింది. చూర్ణాల్లో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కలుపుతున్న సంగతి దేశంలో అనేకచోట్ల పరీక్షల్లో బయటపడింది. స్టెరాయిడ్ నొప్పిని రోజుల్లో అణచివేస్తుంది, నెలల తరబడి వాడితే ఎముకను గుల్ల చేస్తుంది. ఫ్లోరైడ్ ముందే దెబ్బతీసిన శరీరానికి అంతకన్నా అన్యాయం ఉండదు.

ఇక నీతి, రిజిస్ట్రేషన్ బోర్డు చర్య తీసుకోగలిగేది రిజిస్టరులో పేరున్నవారి మీదే. పేరు లేనివాడి సంగతి పోలీసుల దాకా, కోర్టు దాకా పోవాలంటే చాలాసార్లు రోగే ముందుకు రావాలి. నొప్పి తగ్గిందని పొరుగువారికి కూడా ఆ వైద్యుడి పేరు చెప్పిన రోగి, ఫిర్యాదు రాయడానికి సాధారణంగా ముందుకు రాడు.