టెస్టింగ్ ఆఫర్‌ను వదులుకునే ముందు

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో డెవలపరే అసలు ఉద్యోగి అనీ, కోడింగ్ రానివారినే టెస్టింగ్‌లో, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పనిలో వేస్తారనీ, అందులో చేరితే ఇక బయటపడలేరనీ అనంతపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా కొత్త బ్యాచ్‌కు పాత బ్యాచ్ అప్పగించి పోతున్న మాట. బెంగళూరులో టెస్టింగ్ టీమ్‌కు ఫ్రెషర్లను ఎంపిక చేసే నాకు ఇది విని విని విసుగు పుట్టింది.

ఏళ్ల తరబడి మాన్యువల్ టెస్టింగ్‌లోనే, అంటే ప్రతిదీ చేత్తో నొక్కి చూసే పనిలోనే ఉండిపోతే ఎదుగుదల మందగిస్తుందన్నంత వరకే ఇందులో నిజం. ఆటోమేషన్ టెస్టర్ జావాలోనో పైథాన్‌లోనో వెబ్‌సైట్లను తనంతట తానే పరీక్షించే సెలీనియం స్క్రిప్టులు రాస్తాడు, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌తో డేటా సరిచూస్తాడు, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐలకు కావాలనే తప్పుడు ఇన్‌పుట్ పంపి అవి ఎక్కడ తడబడతాయో పట్టుకుంటాడు. ఇది కోడింగ్ కాదనేవారు ఒక్క వారం చేసి చూడాలి. పరీక్షించడం ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. 1996 జూన్ 4న యూరప్‌కు చెందిన ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన దాదాపు 40 సెకన్లకే పేలిపోవడానికి కారణం, ఏరియన్ 4లో చక్కగా నడిచిన కోడ్‌ను కొత్త రాకెట్ ప్రయాణమార్గపు విలువలతో పరీక్షించకుండా వాడడమే: 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టలేదు.

నిరుడు తాడిపత్రి నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. "మావాడు కోడింగే నేర్చినాడు సార్, వాళ్లేమో టెస్టింగ్ అన్యారు, పోవద్దని నేనే చెప్తి" అన్నారు. అప్పు తెచ్చి బెంగళూరు మారతహళ్లిలో కోర్సుకు ఫీజు కట్టిన తండ్రి భయాన్ని నేను తప్పుపట్టలేను, కానీ ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ అబ్బాయిని ముందుగా అడుగుతున్నది జావా గురించి కాదు, ఖాళీగా గడిచిన ఏడాది గురించి. ఆ ఏడాది టెస్టింగ్‌లో గడిపి ఉంటే కోడ్ మార్పులను భద్రపరిచే గిట్, ఒకరి కోడ్‌ను మరొకరు సరిచూసే కోడ్ రివ్యూ, రిలీజ్ అన్నీ దగ్గరనుంచి చూసి ఉండేవాడు. డెవలప్‌మెంట్‌కు మారాలనుకునేవారికి లోపలి నుంచి మారడమే సులువు.

చాలా టీమ్‌లు పాటించే స్క్రమ్ అనే పని పద్ధతిలో స్క్రమ్ మాస్టర్ టీమ్‌కు బాస్ అన్నది మరో పుకారు. 2020 స్క్రమ్ గైడ్‌లో ప్రోడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు అనే మూడు బాధ్యతలే ఉన్నాయి, వీటిలో పైస్థాయి కిందిస్థాయి లేవు. టెస్టర్ అన్న విడి పేరు లేదు, పరీక్షించేవారూ డెవలపర్లలోనే లెక్క. ఇక డబ్బు కట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుంటే ఎక్కడ ఎప్పుడు పనిచేశారో చూపించే పీఎఫ్ రికార్డుల్లోనే దొరికిపోతారు.

టెస్టింగ్ ఆఫర్ వస్తే పని మాన్యువలా ఆటోమేషనా, స్క్రిప్టులు ఏ భాషలో రాస్తారు, మొదటి ఏడాది తర్వాత టీమ్ మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ను కాకుండా ఇంటర్వ్యూ చేసిన టెక్నికల్ ప్యానెల్‌నే అడగండి. అడిగినందుకు ఆఫర్ వెనక్కి పోదు.