రిఫైనరీ పక్కన బ్యాలెట్ పెట్టె: రిచ్‌మండ్ పోరాటం వెనక కథ

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం పొద్దున 11 గంటలకు సైరన్లు మోగుతాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. పాతవాళ్లు చేస్తున్న పని కూడా ఆపరు. అది పరీక్ష కోసం మోగించే సైరన్. నిజంగా మోగిన రోజు ఏం చెయ్యాలో అక్కడ బడికెళ్లే పిల్లలకు కూడా నేర్పిస్తారు: ఇంట్లోకి వెళ్లాలి, తలుపులూ కిటికీలూ మూసెయ్యాలి, రేడియో పెట్టుకుని వినాలి.

ఊరి పడమటి అంచున చమురు కంపెనీ షెవ్రాన్ రిఫైనరీ, అంటే చమురు శుద్ధి కర్మాగారం, ఉంది. సైరన్లు ప్రధానంగా దాని గురించే. లక్షా పదహారు వేల పైచిలుకు జనాభా ఉన్న ఈ నగరంలో 2014 నగర ఎన్నికల కోసం షెవ్రాన్ సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది. నమోదైన ఓటర్ల లెక్కన చూస్తే ఒక్కొక్కరికి 60 డాలర్లకు పైనే. సెనేట్ సీటు కోసమో గవర్నర్ పదవి కోసమో కాదు, ఒక మేయర్, కొందరు కౌన్సిలర్ల కోసం. అంత అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అక్కడ ఊరికంటే కంపెనీ పెద్దది, వయసులో కూడా. షెవ్రాన్‌కు పూర్వ రూపమైన స్టాండర్డ్ ఆయిల్ అక్కడ రిఫైనరీ నడపడం మొదలుపెట్టింది 1902లో. రిచ్‌మండ్ నగరంగా ఏర్పడింది 1905లో. రెండో ప్రపంచ యుద్ధంలో కైజర్ నౌకా కర్మాగారాలు వచ్చి, నాలుగు యార్డుల్లో 747 ఓడలు కట్టాయి. 1940లో 24 వేలు దాటని జనాభా మూడు నాలుగేళ్లలో లక్ష దగ్గరికి వెళ్లింది. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వేలల్లో వచ్చి స్థిరపడ్డాయి. యుద్ధం అయిపోగానే యార్డులు మూతబడ్డాయి. పని పోయింది, మనుషులు మిగిలారు. రిఫైనరీ కూడా మిగిలింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఊరికి పెద్ద దిక్కు అదే: ఎక్కువ పన్ను కట్టేది అదే, స్థానిక సంస్థలకు విరాళాలు ఇచ్చేదీ అదే.

విరాళాల సంగతిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. షెవ్రాన్ వైపు నిలబడినవాళ్లందరూ అమ్ముడుపోయారని అనుకుంటే ఈ కథ అర్థం కాదు. నాట్ బేట్స్ 1960ల నుంచీ అక్కడి రాజకీయాల్లో ఉన్న నల్లజాతి నాయకుడు. కంపెనీ ఉంటేనే ఉద్యోగాలు ఉంటాయని ఆయన బాహాటంగానే చెప్పేవాడు. నిర్మాణరంగ కార్మిక సంఘాలదీ అదే మాట. వాళ్ల సభ్యులకు రిఫైనరీలో పని దొరికేది. 'పర్యావరణం' మాట్లాడే కొత్తవాళ్లు, చాలామంది తెల్లవాళ్లు, తమకు నీతులు చెబుతున్నారన్న కోపం నల్లజాతి పేటల్లో కొందరికి నిజంగానే ఉండేది.

ఇక డబ్బుకు సంబంధించిన చట్టం. ఇందులో ఒక వింత ఉంది. 1910లో హైరమ్ జాన్సన్ కాలిఫోర్నియా గవర్నరుగా గెలిచింది ఒకే నినాదంతో: సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీని రాజకీయాల్లోంచి వెళ్లగొట్టాలి. శాసనసభ ఆ కంపెనీ గుప్పిట్లో ఉంది కాబట్టి, సభను పక్కనపెట్టి ప్రజలే నేరుగా చట్టాలు చేసుకునేలా 1911లో రాజ్యాంగం మార్చారు. సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి ఎక్కించే పద్ధతి కాలిఫోర్నియాకు అలా వచ్చింది. అంతకుముందే, 1907లో, ఫెడరల్ ఎన్నికల అభ్యర్థులకు కార్పొరేషన్లు చందాలు ఇవ్వకూడదని టిల్మన్ చట్టం వచ్చింది.

తర్వాత సుప్రీంకోర్టు తీర్పులు ఒక్కొక్కటిగా తలుపులు తెరుస్తూ వచ్చాయి. అభ్యర్థికి ఇచ్చే చందాకు పరిమితి పెట్టొచ్చు గానీ, అభ్యర్థితో సంబంధం లేకుండా ఎవరైనా తమంతట తాము చేసే ఖర్చుకు పరిమితి పెట్టకూడదని 1976లో చెప్పింది. బ్యాలెట్ ప్రతిపాదనల మీద కార్పొరేషన్లు ఖర్చుపెట్టుకోవచ్చని 1978లో బోస్టన్ బ్యాంకు కేసులో తేల్చింది. రిచ్‌మండ్‌కు దగ్గర్లోనే ఉన్న బర్క్‌లీ నగరం, ప్రతిపాదనల కమిటీలకు ఇచ్చే చందాల మీద పెట్టుకున్న పరిమితిని 1981లో అదే కోర్టు కొట్టేసింది. అంటే రైల్వే కంపెనీని తప్పించుకోవడానికి కట్టుకున్న దొడ్డిదారికే పెద్ద కంపెనీలకు టికెట్టు దొరికింది. చివరికి 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు. కార్పొరేషన్ అయినా సరే, ఎన్నికల్లో 'స్వతంత్ర ఖర్చు' ఎంతైనా చేసుకోవచ్చు.

ఆ 'స్వతంత్రం' అన్న మాటలోనే ఉంది కిటుకంతా. రిచ్‌మండ్‌లో అభ్యర్థి చేతికి 2,500 డాలర్లకు మించి ఇవ్వకూడదని నియమం ఉంది. అభ్యర్థితో మాట్లాడకుండా, ఆయన పేరుతో హోర్డింగులు పెట్టడానికి మాత్రం హద్దు లేదు.

ఈ నేపథ్యంలోనే, సిటిజన్స్ యునైటెడ్‌కు ఆరేడేళ్ల ముందు, రిచ్‌మండ్ ప్రోగ్రెసివ్ అలయన్స్ పుట్టింది. గ్రీన్ పార్టీవాళ్లు, డెమోక్రాట్లు, ఏ పార్టీ లేనివాళ్లు, చిన్న గుంపు. పెట్టుకున్న షరతు ఒకటే: తమ అభ్యర్థులెవరూ కార్పొరేషన్ల దగ్గర పైసా తీసుకోకూడదు. 2004లో గేల్ మెక్‌లాఫ్లిన్ కౌన్సిల్‌కు గెలిచింది. 2006లో, అధికారంలో ఉన్న మేయర్‌ను స్వల్ప తేడాతో ఓడించింది. గ్రీన్ పార్టీ మేయర్ ఉన్న అతి పెద్ద అమెరికన్ నగరంగా రిచ్‌మండ్ పేరు అప్పుడే బయటి పత్రికల్లోకి ఎక్కింది.

గెలుపు కంటే ఆసక్తికరమైనది వాళ్లు నేర్చుకున్న బేరం. 2008లో 'మెజర్ టీ' అనే పన్ను ప్రతిపాదనను ఓటర్లు ఆమోదించారు. తయారీ సంస్థలు వాడే ముడిసరుకు విలువ మీద పన్ను. పేరు చెప్పకపోయినా అది ఎవరి గురించో ఊరందరికీ తెలుసు. కంపెనీ కోర్టుకెళ్లింది, కోర్టు కొట్టేసింది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ మళ్లీ బ్యాలెట్‌కు వెళ్తామన్న బెదిరింపు ఉండనే ఉంది. 2010లో ఇరువైపులా కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. పదిహేనేళ్లలో 11.4 కోట్ల డాలర్లు అదనంగా కట్టడానికి షెవ్రాన్ ఒప్పుకుంది. కోర్టులో ఓడిపోయిన ప్రతిపాదనకు వచ్చిన ఫలం అది.

తర్వాత పైపు పగిలింది.

అది 1976లో వేసిన పైపు. ముడిచమురులోని గంధకం దాన్ని లోపలినుంచి తినేస్తూ వచ్చింది. పగిలిన చోట గోడ మందం సగటున 90 శాతం అరిగిపోయిందని తర్వాత ఫెడరల్ దర్యాప్తులో తేలింది. 2012 ఆగస్టు 6 మధ్యాహ్నం పైపు దగ్గర చిన్న లీకు కనబడింది. యూనిట్ ఆపలేదు. లీకు సరిగ్గా ఎక్కడుందో చూద్దామని పైపు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ తీయడానికి ప్రయత్నించారు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పైపు పగిలి, తెల్లటి ఆవిరి మేఘం 19 మంది ఉద్యోగులను కమ్మేసింది. అది అంటుకునేలోపు 18 మంది బయటపడ్డారు. ఫైరింజన్ లోపల ఉండిపోయిన పంతొమ్మిదో మనిషి మంటల్లోంచి తప్పించుకుని వచ్చాడు. ఎవరూ చనిపోలేదు. నల్లటి పొగ మాత్రం ఊరి మీదుగా వెళ్లింది. దగ్గు, ఆయాసం, కళ్లమంటలతో సుమారు 15,000 మంది ఆస్పత్రులకు వెళ్లారు. మరుసటి ఏడాది కంపెనీ ఆరు అభియోగాలను ఎదిరించకుండా 20 లక్షల డాలర్లు చెల్లించింది.

ఇంత జరిగాక మూడు నెలలకు వచ్చిన ఎన్నికల్లో ఏమై ఉంటుంది? కంపెనీ మనుషులు చిత్తుగా ఓడిపోయారని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది దానికి తలకిందులు. కౌన్సిల్‌కు అలయన్స్ నిలబెట్టిన ఇద్దరూ ఓడిపోయారు. షెవ్రాన్ పది లక్షల డాలర్లకు పైగా దించింది. అదే బ్యాలెట్ మీద, తియ్యటి పానీయాల మీద ఔన్సుకు ఒక సెంటు పన్ను వెయ్యాలన్న మరో ప్రతిపాదన ఉంది. దాన్ని ఓడించడానికి కూల్‌డ్రింకుల పరిశ్రమ 20 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించింది. పన్ను కూడా చిత్తయిపోయింది. 'జనం డబ్బుకు లొంగరు' అని ధీమాగా చెప్పేవాళ్లు 2014 గురించి మాత్రమే మాట్లాడతారు, 2012 ఊసెత్తరు.

ఆ గెలుపు ధైర్యంతోనే కాబోలు, 2014లో కంపెనీ దూకుడు పెంచింది. ఆ ఏడాది జనవరిలో సొంత డబ్బుతో ఒక స్థానిక వార్తల వెబ్‌సైట్ పెట్టింది. బడి ఆటల పోటీలు, కొత్త హోటళ్లు, పోలీసు వార్తలు, మధ్యలో షెవ్రాన్ మాట. సొంత దినపత్రిక లేని ఊళ్లో దానికి చదివేవాళ్లు దొరికారు. ఇక ఎన్నికల డబ్బు వెళ్లింది 'మూవింగ్ ఫార్వర్డ్' అనే కమిటీ ద్వారా. దాని పూర్తి పేరులో కార్మికులు, చిన్న వ్యాపారులు, అగ్నిమాపక సిబ్బంది అందరూ ఉన్నారు. షెవ్రాన్ ఉన్నది మాత్రం కింద, చట్టం తప్పనిసరి చేసిన చిన్న అక్షరాల్లో: 'ప్రధాన నిధులు షెవ్రాన్‌వి'. పోస్టు డబ్బాల నిండా నున్నటి కాగితం మీద అచ్చేసిన రంగుల కరపత్రాలు, రోడ్ల పక్కన కంపెనీ బలపరిచిన మేయర్ అభ్యర్థి బేట్స్ నవ్వుతున్న హోర్డింగులు, టీవీలో ప్రత్యర్థుల మీద ప్రకటనలు.

ఈసారి ఆ డబ్బే ఎన్నికల అంశమైపోయింది. రోజూ డబ్బా తెరిచి నాలుగు కాగితాలు చెత్తబుట్టలో వేసేవాడికి, ఇదంతా ఎవరి ఖర్చు అన్న ప్రశ్న వేరే ఎవరూ అడగక్కర్లేదు. అలయన్స్ ఇంకో తెలివైన పని చేసింది. తన మేయర్ అభ్యర్థి మైక్ పార్కర్‌ను పోటీ నుంచి తప్పించి, టామ్ బట్‌కు దారి ఇచ్చింది. బట్ వృత్తిరీత్యా ఆర్కిటెక్టు, 1995 నుంచీ కౌన్సిలరు, అలయన్స్ మనిషి కాదు. ఎవరినైనా ముఖం మీదే విమర్శించే రకం. ఓట్లు చీలలేదు. అక్టోబరులో వెర్మాంట్ సెనేటర్ బెర్నీ శాండర్స్ వచ్చి సభ పెట్టాడు. బయటి పత్రికలు కూడా వచ్చాయి. అసలు పని జరిగింది మాత్రం గుమ్మాల దగ్గర: ఏడాది పొడవునా వీధుల్లో తిరిగే కార్యకర్తలు ఎన్నికలప్పుడు కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు.

బట్ సగానికి పైగా ఓట్లతో బేట్స్‌ను ఓడించాడు. పదవీకాల పరిమితి వల్ల మేయర్‌గా మళ్లీ నిలబడలేని మెక్‌లాఫ్లిన్, జొవాంకా బెకిల్స్, 2012లో ఓడిన ఎడ్వార్డో మార్టినెజ్, ముగ్గురూ కౌన్సిల్‌కు గెలిచారు.

2019లో సియాటిల్‌లోనూ నగర ఎన్నికల్లో ఇలాంటిదే జరిగింది. అమెజాన్ 15 లక్షల డాలర్లు అక్కడి వ్యాపార సంఘం కమిటీకి ఇచ్చింది. అందులో పెద్ద మొత్తం ఎన్నికలకు కొద్ది వారాల ముందు పడింది. కంపెనీకి కంటగింపుగా ఉన్న, పుణెలో పుట్టిన సోషలిస్టు క్షమా సావంత్ మొదట వెనకబడి, చివరి లెక్కల్లో గెలిచింది. అయితే సియాటిల్‌కు రిచ్‌మండ్‌కు లేనిది ఒకటుంది. 2015లో ఓటేసి తెచ్చుకున్న పద్ధతి ప్రకారం నగరం ఒక్కొక్కరికి 25 డాలర్ల వోచర్లు నాలుగు పంపుతుంది. నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. జేబులో డబ్బు లేనివాడు కూడా చందాదారే.

రిచ్‌మండ్‌లో గెలిచినవాళ్ల మధ్య ప్రేమ ఎక్కువ కాలం నిలవలేదు. 2016లో అద్దెల నియంత్రణ చట్టం నెగ్గింది, ఏడుగురి కౌన్సిల్‌లో అలయన్స్‌కు అయిదు సీట్లు వచ్చాయి. అదే సమయానికి బట్ వాళ్లకు గట్టి విమర్శకుడు అయ్యాడు. కంపెనీని ఎదిరించడం ఒక పని, రోడ్లు వేయించడం, జీతాలు ఇవ్వడం ఇంకో పని. రెండోదానికి డబ్బు కావాలి. ఆ డబ్బులో పెద్ద భాగం రిఫైనరీ నుంచే రావాలి.

2022లో మార్టినెజ్ మేయర్ అయ్యాడు. 2024లో కౌన్సిల్ మళ్లీ పాత అస్త్రమే తీసింది: శుద్ధి చేసే ప్రతి బ్యారెల్ మీద ఒక డాలరు పన్ను, నవంబరు బ్యాలెట్ మీద. ఆగస్టులోనే కంపెనీ బేరానికి వచ్చింది. పదేళ్లలో 55 కోట్ల డాలర్లు ఇస్తుంది, నగరం ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటుంది. కౌన్సిల్ ఒప్పుకుంది. ఓటు వేసే అవకాశం మాత్రం ఊరికి రాలేదు.

అదే నెలలో షెవ్రాన్ తన ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని సాన్ రామోన్ నుంచి హ్యూస్టన్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది. రిఫైనరీ ఉన్నచోటే ఉంది. నగరానికి రావాల్సిన చెల్లింపులు 2035 జూన్ దాకా నడుస్తాయి.