ఉప్పు మడి నేర్పే భూగోళం

ఇటలీలోని సిసిలీ దీవికి పడమటి కొసన ట్రపాని జిల్లా ఉంది. వెళ్లినవాళ్లు ముందు సెజెస్తా గుడికో, కొండమీది ఎరిచే ఊరికో పరుగెడతారు. నన్నడిగితే ఉప్పు మడుల దగ్గర మొదలుపెట్టమంటాను. ఆ మడులు అర్థమైతే జిల్లాలో మిగతా నేల కూడా అర్థమవుతుంది.

ట్రపాని నుంచి మార్సాలా వైపు తీరం వెంట ఈ మడులు పరుచుకున్నాయి. పద్ధతి మన నౌపడ, చినగంజాంలలో చూసేదే. సముద్రపు నీటిని పెద్ద మడిలో పట్టి, ఎండకీ గాలికీ చిక్కబడేకొద్దీ చిన్న మడుల్లోకి మళ్లిస్తారు. మధ్యధరా నీటిలో లీటరుకు సుమారు 38 గ్రాముల లవణాలుంటాయి. అవన్నీ ఒక్కసారే అడుక్కి దిగవు. నీరు సగమయ్యేసరికి సున్నపురాయి పదార్థమైన కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది. అయిదో వంతుకు తగ్గితే జిప్సం. దాదాపు పదో వంతు మిగిలినప్పుడే మనం తినే ఉప్పు. ఇంకా ఎండనిస్తే మెగ్నీషియం లవణాలు దిగి ఉప్పు చేదెక్కుతుంది. అందుకే ఆ ముదురు నీటిని ముందే వదిలేస్తారు. మడులు వరుసగా కట్టడంలో కిటుకంతా ఇదే.

చివరి మడుల్లో నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. డునాలియెల్లా అనే సన్నని నాచు మండే ఎండను తట్టుకోవడానికి క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌నే ఒంట్లో నింపుకుంటుంది. నాచును ఉప్పునీటి రొయ్య తింటుంది, రొయ్యను రాజహంస తింటుంది. మన పులికాట్‌లో దిగే జాతే అది. రంగు అలా ఈకల దాకా చేరుతుంది. తీసిన ఉప్పును గట్ల మీద కుప్పపోసి, వానకు కరగకుండా ఎర్ర పెంకులు కప్పుతారు. దూరం నుంచి పెంకుటిళ్ల వరుసేమో అనిపిస్తుంది.

ఇక లోపలికి, శాంటా నిన్ఫా గుట్టలకు వెళ్లాలి. అక్కడ ఎండలో తళుక్కుమనే రాయి జిప్సం. సుమారు 60 లక్షల ఏళ్ల క్రితం భూమి కదలికలతో జిబ్రాల్టర్ వైపు దారి మూసుకుపోతూ వచ్చింది. అట్లాంటిక్ నీరు సరిగా అందలేదు. ఆవిరయ్యే నీటికి నదుల నీరు సరిపోక మధ్యధరా యావత్తూ ఒక ఉప్పు మడి అయింది. 53 లక్షల ఏళ్ల క్రితం మళ్లీ నిండింది. అప్పుడు అడుక్కి దిగిన జిప్సమే తర్వాత పైకి లేచి ఈ గుట్టలైంది. అది నీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది కనుక వాన దాన్ని తొలిచి గుహలు చేసింది.

దక్షిణాన కూసా రాతి గనులున్నాయి. సెలినుంటే అనే ప్రాచీన గ్రీకు నగరపు గుళ్లకు స్తంభాలు ఇక్కడ చెక్కారు. ఈ రాయిది కాల్షియం కార్బొనేట్ కథే, కాకపోతే సముద్ర జీవులు ఆ పదార్థాన్ని గుల్లలుగా కట్టుకుంటే, ఆ గుల్లలూ ఇసుకా అతుక్కుని రాయైంది. క్రీ.పూ. 409లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరపు సేన సెలినుంటే మీద పడటంతో పని ఆగిపోయింది. చుట్టూ మనిషి పట్టేంత సందు తవ్వి, అడుగు మాత్రం ఇంకా వేరుచేయని స్తంభపు దిమ్మెలు నేలనంటుకుని అలాగే ఉన్నాయి. ఆ సందులోకి దిగి దగ్గరగా చూస్తే ఉలి గాట్లు కనిపిస్తాయి, గాట్ల మధ్య తెగిన గవ్వలు.