2.25 అంటే 2:25 కాదు

బరంపురంలో నేను వెళ్లే జిమ్ములో గోడవారగా ఒక రోయింగ్ మిషన్ ఉంది, పడవలో తెడ్డు వేసినట్టు కూర్చుని పిడి లాగేది. అక్కడికొచ్చే డిగ్రీ కుర్రాడొకడు దాని మీద 2,000 మీటర్లు 9 నిమిషాల్లో లాగాలని పట్టుబట్టాడు. 500 మీటర్ల ముక్కలు నాలుగు కదా అని ఫోన్లో 9ని 4తో భాగించాడు. 2.25 వచ్చింది. మిషన్ తెర మీద 500 మీటర్లకు పట్టే సమయం 2:25 దాటకుండా చూసుకుంటూ, చెమటలు కారుతున్నా ఆఖరిదాకా లాగాడు. తీరా చూస్తే 9:40.

"మిషన్ తప్పు చూపిస్తోంది సార్" అన్నాడు.

మిషన్ తప్పేం లేదు. 0.25 నిమిషం అంటే పావు నిమిషం, 15 సెకన్లు. అతను పట్టుకోవాల్సింది 2:15. ముక్కకు 10 సెకన్ల చొప్పున 40 సెకన్లు అక్కడే పోయాయి. ముందే సెకన్లలోకి మార్చుకుంటే ఈ తికమక ఉండదు: 540ని 4తో భాగిస్తే 135.

రోయింగులో వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లని చెప్పరు, 500 మీటర్లకు ఎంతసేపు పట్టిందో చెబుతారు. దాన్నే పేస్ అంటారు, స్ప్లిట్ అనీ అంటారు. అంకె తగ్గిందంటే వేగం పెరిగినట్టు. దూరాన్ని 500తో భాగించి పేస్‌తో గుణిస్తే సమయం వస్తుంది. 2:15 పేస్‌లో 5,000 మీటర్లకు 22:30 పడుతుంది. అదే పేస్‌లో అరగంట లాగితే 1,800ని 135తో భాగించి 500తో గుణించాలి: సుమారు 6,667 మీటర్లు.

సగటు దగ్గర చాలామంది పొరబడతారు. 10 నిమిషాలు 2:00తో, ఇంకో 10 నిమిషాలు 2:30తో లాగితే సగటు 2:15 అనిపిస్తుంది. కానీ మొదటి పదిలో 2,500 మీటర్లు, రెండో పదిలో 2,000 మీటర్లు వచ్చాయి. 20 నిమిషాల్లో 4,500 మీటర్లంటే సగటు పేస్ 2:13.3.

ఇంతవరకూ బడిలో నేర్చిన లెక్కే. నన్ను కట్టిపడేసేది దీని వెనకున్న భౌతికశాస్త్రం. 1981లో కాన్సెప్ట్2 పేరుతో డ్రైసిగేకర్ సోదరులు తెచ్చిన మిషన్లో గాలిని కోసుకుంటూ తిరిగే చక్రం ఉంటుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, లాగే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒక మీటరుకు పట్టే సెకన్లను ఘనం చేసి, 2.80ని దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. 2:00 పేస్ అంటే మీటరుకు 0.24 సెకన్లు, సుమారు 203 వాట్లు. 1:50కి 263 కావాలి. వేగం పెరిగింది 9 శాతమే, శక్తి మాత్రం 30 శాతం పెంచాలి!

చక్రం పక్కనుండే మీటను 10 మీద పెడితే దూరం ఎక్కువ వస్తుందన్నది మరో అపోహ. మీట చేసేది చక్రానికి తగిలే గాలిని మార్చడమే. లాగాక పిడి తిరిగి చక్రం వైపు పోయేటప్పుడు చక్రం ఎంత తొందరగా నెమ్మదిస్తుందో తెర కొలుచుకుంటుంది, దాన్ని బట్టే లెక్క కడుతుంది.

గోపాల్‌పూర్ తీరాన వేటకెళ్లే మన తెలుగువాళ్లలో నాకు తెలిసిన తాత ఒకాయన ఉన్నాడు. తెడ్డు పట్టడం నేర్చుకుంటానని వెళ్లినప్పుడు, "బలమంతా ఒడ్డు దగ్గిరే పెట్టీకురా, మళ్లీ తిరిగి రావాల కదా" అన్నాడు. లెక్కా అదే చెబుతుంది. 2,000 మీటర్లను ఒకే తీరుగా 2:00తో లాగితే 8 నిమిషాలు. మొదటి వెయ్యి 1:50తో, రెండో వెయ్యి 2:10తో లాగినా 8 నిమిషాలే. కానీ ఈ రెండో పద్ధతిలో పడే శ్రమ దాదాపు 2 శాతం ఎక్కువ. అందులోనూ ఎక్కువ భాగం ముందే అయిపోతుంది కాబట్టి చివరి వెయ్యి నరకంలా ఉంటుంది.

ఇదంతా విన్నాక ఆ కుర్రాడు మర్నాటి ఆదివారం మళ్లీ కూర్చున్నాడు. ఒక్కో ముక్కకు పట్టిన సమయాన్ని నేను పక్కన నిలబడి కాగితం మీద రాశాను: 2:17, 2:16, 2:15, 2:14. మొత్తం 9:02.