పుష్ కాలేదని ఆగమాగం కావద్దు

ప్రియమైన పిల్లలకు,

పాలమూరు హాస్టల్లో ఉన్నవాళ్లు, రోజూ బస్సెక్కి నల్లగొండ కాలేజీకి పోయివచ్చేవాళ్లు, దేవరకొండలో ఇంట్లోనే ఉండి నేర్చుకుంటున్నవాళ్లు... ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గర పడిందంటే మీ అందరి నుంచీ నాకు వచ్చే మెసేజ్ ఒక్కటే: "పెద్దమ్మా, పుష్ అయితలేదు." దాని కింద సగం తెగిన స్క్రీన్ ఫోటో. పుష్ అంటే మీ కంప్యూటర్లో గిట్‌తో (కోడ్ మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్‌తో) దాచుకున్న పనిని నెట్‌లో గిట్‌హబ్ అనే సైట్‌కు పంపడం. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. కమాండ్లు పలికేటట్టుగా రాస్తాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టుకోండి.

ముందు టెన్షన్ తగ్గే మాట. పుష్ ఆగితే మీ పని పోయినట్టు కాదు. కమిట్ చేసినప్పుడే (అంటే మార్పులను గిట్‌లో నమోదు చేసినప్పుడే) అది మీ కంప్యూటర్లో, ప్రాజెక్టు ఫోల్డర్లో దాగి ఉండే 'డాట్ గిట్' అనే చోట చేరిపోయింది. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను అట్లాగే తయారు చేశాడు. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో ఆయన సొంతంగా ఒకటి రాయడానికి కూర్చున్నాడు. నెట్ లేకున్నా పని సాగాలి, క్లోన్ చేసుకున్న (అంటే ప్రాజెక్టును పూర్తిగా కాపీ చేసుకున్న) ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర మొత్తం ఉండాలి, ఇదీ దాని పద్ధతి. గిట్‌హబ్ వచ్చింది ఆ తర్వాత, 2008లో. అది మీ చరిత్రకు ఇంకో కాపీ పెట్టుకునే చోటు. అందుకని పుష్ కాలేదని కోపంతో ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేసుకోవద్దు. పని నిజంగా పోయేది అక్కడే. ఈ అలవాటు మీలో కొందరికి ఉంది, నాకు తెలుసు.

సాగర్ ఎడమ కాల్వ చివరి భూములకు నీళ్లు రాకపోతే రైతు పొలాన్ని తవ్వుతూ కూర్చోడు. కాల్వ వెంట పైకి నడిచి ఏ తూము దగ్గర ఆగిందో చూస్తాడు. పుష్ విషయంలోనూ అంతే, మీ కమిట్ అవతలి ఒడ్డు చేరేలోపు ఆగే చోట్లు కొన్నే. ఎక్కడ ఆగిందో గిట్ చెప్తూనే ఉంటుంది. ఎర్రగా కనబడగానే కళ్లు మూసుకోకుండా, నిమ్మళంగా ఆ నాలుగు లైన్లు చదవాలి.

మొట్టమొదట మీ సొంత మెషీన్. 'సోర్స్ రెఫ్‌స్పెక్ మెయిన్ డజ్ నాట్ మ్యాచ్ ఎనీ' అని వస్తే చాలామంది నెట్ ప్రాబ్లమ్ అనుకుంటారు. నెట్‌కు దీనితో సంబంధం లేదు. మెయిన్ అనే బ్రాంచ్ (పేరు పెట్టిన కమిట్ల వరుస) మీ దగ్గర లేదని దాని అర్థం. మీరు ఇంకా ఒక్క కమిట్ కూడా చేయకపోయి ఉండాలి, లేదా మీ బ్రాంచ్ పేరు మాస్టర్ అయి ఉండాలి. 2020 అక్టోబర్ నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపోల్లో (రిపో అంటే ఒక ప్రాజెక్టు, దాని చరిత్ర ఉండే చోటు) మొదటి బ్రాంచ్‌కు మెయిన్ అనే పేరు వస్తోంది, మీ కంప్యూటర్లో 'గిట్ ఇనిట్' కొడితే చాలాచోట్ల ఇంకా మాస్టరే వస్తుంది. 'గిట్ స్టేటస్' కొడితే మొదటి లైన్లోనే బ్రాంచ్ పేరు కనిపిస్తుంది. 'గిట్ బ్రాంచ్ -ఎమ్ మెయిన్' కొడితే పేరు మారిపోతుంది. దీనికి తిరగబడ్డ కేసు ఒకటుంది: 'ఎవ్రీథింగ్ అప్-టు-డేట్' అంటుంది, సైట్‌లో చూస్తే మీ కోడ్ ఉండదు. ఫైల్ సేవ్ చేశారు గానీ కమిట్ చేయలేదు, లేకుంటే వేరే బ్రాంచ్ మీద కూర్చుని ఉన్నారు. దీన్ని కూడా స్టేటసే చెప్తుంది.

తర్వాత అడ్రస్. 'గిట్ రిమోట్ -వి' కొడితే ఎక్కడికి పంపుతున్నారో కనబడుతుంది. ఆరిజిన్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్ అంటే ఆరిజిన్ అనే పేరుతో ఒక అడ్రస్ ఇప్పటికే ఉందన్నమాట. మళ్లీ యాడ్ చేయకుండా 'గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్' అని రాసి పక్కన కొత్త అడ్రస్ ఇవ్వండి. 'రిపాజిటరీ నాట్ ఫౌండ్' దగ్గర మాత్రం కొంచెం ఆలోచించాలి. స్పెల్లింగ్ తప్పయినా ఇదే వస్తుంది, రిపో ప్రైవేట్‌గా ఉండి మీకు అనుమతి లేకున్నా ఇదే వస్తుంది. అలాంటి రిపో ఒకటుందన్న సంగతి కూడా బయటివాళ్లకు తెలియకూడదని గిట్‌హబ్ కావాలనే అట్లా చెప్తుంది. కాబట్టి అడ్రస్ సరిగ్గానే ఉందనుకుంటే, మీ టీమ్ లీడర్ మిమ్మల్ని కొలాబరేటర్‌గా కలిపాడా, ఆ ఇన్విటేషన్ మీరు యాక్సెప్ట్ చేశారా అని చూడండి.

నెట్ గురించి ఎక్కువ చెప్పను. 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అంటే నెట్టే లేదు, లేదా అడ్రస్‌లో పేరు తప్పు. 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని వచ్చి, అడ్రస్ ఎస్ఎస్‌హెచ్‌ది అయితే, (అంటే 'గిట్ ఎట్' అని మొదలయ్యేది), కాలేజీ వైఫై దానికి దారి అయిన 22వ పోర్టును మూసి ఉండొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి చూస్తే తేలిపోతుంది. హాట్‌స్పాట్ మీద పోతే, కాలేజీలో ఉన్నప్పుడు హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌కు మారండి. అది 443 పోర్టు మీద నడుస్తుంది, బ్రౌజర్ పనిచేసే చోట మామూలుగా అదీ పనిచేస్తుంది. ఇంకోటి: ల్యాబ్‌లో పాత కంప్యూటర్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది. ఎవరో చెప్పారని ఎస్ఎస్ఎల్ తనిఖీ ఆపేయవద్దు, తేదీ సరిచేయండి చాలు.

ఇక మీరు ఎక్కువ పరేషాన్ అయ్యేది మీరెవరో గిట్‌హబ్ గుర్తుపట్టే దగ్గర. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పుష్‌కు మామూలు పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. పాస్‌వర్డ్ అడిగిన చోట పర్సనల్ యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ తయారుచేసి ఇచ్చే పొడవాటి అక్షరాల వరుస) ఇవ్వాలి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ (మీ కంప్యూటర్లో తయారుచేసుకునే తాళంచెవుల జత) వాడాలి. పాస్‌వర్డ్ కరెక్టే కదా అని పదే పదే కొట్టినా లాభం లేదు. టోకెన్ సెట్టింగ్స్‌లో డెవలపర్ సెట్టింగ్స్ కింద తయారవుతుంది. దానికి ఆ రిపోలో రాసే హక్కు ఇవ్వాలి, గడువు తేదీ చూసుకోవాలి. టెర్మినల్‌లో దాన్ని పేస్ట్ చేసినప్పుడు చుక్క కూడా కనబడదు. ఏమీ పడలేదని రెండుసార్లు పేస్ట్ చేస్తే తప్పు టోకెన్ అయిపోతుంది. ఒకసారి పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి. గిట్ బ్యాష్‌లో కంట్రోల్-వి పనిచేయకపోతే రైట్ క్లిక్ చేసి పేస్ట్ చేయండి.

మీ ల్యాబుల్లో పదే పదే జరిగే సంగతి ఇంకోటి ఉంది. మెసేజ్‌లో 403 అని ఉంటుంది, పక్కన 'పర్మిషన్ టు' అని రిపో పేరు, ఆ తర్వాత 'డినైడ్ టు' అని ఉండి ఒక మనిషి పేరు ఉంటుంది. ఆ పేరు మీది కాదు! పొద్దున బ్యాచ్‌లో అదే కంప్యూటర్ మీద కూర్చున్న పిల్లదో పిల్లగాడిదో. వాళ్ల టోకెన్‌ను విండోస్ దాచిపెట్టుకుని, మీరు పుష్ కొట్టగానే మిమ్మల్ని అడగకుండానే దాన్నే ఇచ్చేసింది. అప్పుడు మీలో చాలామంది 'గిట్ కాన్ఫిగ్'లో యూజర్ నేమ్, ఈమెయిల్ మార్చి మళ్లీ కొడతారు. మారదు. ఆ రెండూ కమిట్ మీద రాసే సంతకం మాత్రమే, లోపలికి రానిచ్చే అనుమతితో వాటికి సంబంధం లేదు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ నొక్కండి. కిందికి పోతే గిట్ అని మొదలై గిట్‌హబ్ అడ్రస్ ఉన్న వరుస ఒకటి కనిపిస్తుంది. దాన్ని తెరిచి రిమూవ్ కొట్టండి. మళ్లీ పుష్ చేస్తే ఈసారి మీ పేరు అడుగుతుంది. పని అయిపోయాక లేచే ముందు మీది కూడా అట్లాగే తీసేయండి. లేకుంటే మీ తర్వాత కూర్చున్నవాళ్లు చేసే పుష్ మీ ఖాతాతో పోతుంది. మీ సొంత లాప్‌టాప్ అయితే ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519' కొడితే రెండు ఫైళ్లు వస్తాయి. చివర 'డాట్ పబ్' అని ఉన్నదాన్ని మాత్రమే గిట్‌హబ్‌లో పెట్టాలి. రెండోది ఎవరికీ, నాకు కూడా పంపవద్దు. 'ఎస్ఎస్‌హెచ్ -టి గిట్ ఎట్ గిట్‌హబ్ డాట్ కామ్' అని కొడితే (ఇక్కడ టి పెద్ద అక్షరం) మీ పేరు పెట్టి హాయ్ అంటుంది. షెల్ యాక్సెస్ ఇవ్వం అని కూడా అంటుంది, దానికి కంగారు పడవద్దు. 'పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ' అని వస్తే మాత్రం అవతల ఉన్న కీ, మీరు చూపిస్తున్న కీ ఒకటి కావు.

హోస్ట్ ఐడెంటిఫికేషన్ (అవతలి సర్వర్ గుర్తింపు) మారిందని పెద్ద అక్షరాల్లో హెచ్చరిక వస్తే మాత్రం నిజంగానే ఆగండి. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ కీ కొద్దిసేపు బయటపడిందని దాన్ని మార్చేసింది. పాత కీ గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లకు అప్పుడు ఈ హెచ్చరిక కనిపించింది. అట్లాంటి న్యాయమైన కారణం ఉండొచ్చు, మధ్యలో ఎవరో దూరి ఉండనూ వచ్చు. గిట్‌హబ్ తన కీల వేలిముద్రలను తన డాక్స్‌లో పెడుతుంది. వాటితో సరిపోల్చుకున్నాకే మీ కంప్యూటర్లో 'నోన్ హోస్ట్స్' ఫైల్లో ఉన్న పాత లైన్ తీసేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: 'రిజెక్టెడ్', పక్కన 'ఫెచ్ ఫస్ట్' అనో 'నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్' అనో ఉంటుంది. ఇది తప్పు కాదు. మీ దోస్తు మీకంటే ముందు పుష్ చేశాడు, వాడి పని మీ దగ్గర లేదు, దాన్ని కలుపుకుని రమ్మని గిట్ అడుగుతోంది. ఇక్కడే మీలో కొందరు పుష్‌కు '--ఫోర్స్' తగిలించి కొడతారు. పుష్ అయిపోతుంది, మీకు సంతోషంగా ఉంటుంది. అవతల మీ దోస్తు రాత్రంతా మేల్కొని రాసింది ఆ బ్రాంచ్ నుంచి మాయమవుతుంది. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టులో ఇంతకంటే మనసు విరిచే పని ఇంకోటి లేదు. అది చేయవద్దని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇప్పటికే అట్లా జరిగి ఉంటే ఆ దోస్తును వెంటనే పిలవండి. వాడి కంప్యూటర్లో ఆ కమిట్లు ఉంటాయి, 'గిట్ రెఫ్‌లాగ్'లో (గిట్ రాసిపెట్టుకునే కదలికల చిట్టాలో) కనిపిస్తాయి.

సరైన తోవ 'గిట్ పుల్ --రీబేస్ ఆరిజిన్ మెయిన్'. దోస్తు పని కింద పరుచుకుని, దాని మీద మీ కమిట్లు వచ్చి కూర్చుంటాయి. ఇద్దరూ ఒకే లైన్ మార్చి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఆ ఫైల్ తెరిస్తే ఎడమవైపు తిరిగిన బాణాల వరుస పక్కన హెడ్ అని ఉంటుంది, మధ్యలో సమానం గుర్తులు, చివర కుడివైపు బాణాలు. రీబేస్‌లో హెడ్ కింద ఉన్నది దోస్తు రాసిన ముక్క, సమానం గుర్తుల తర్వాత ఉన్నది మీది. హెడ్ అంటే నాదే అనుకుని దోస్తు కోడ్ ఉంచి సొంతది తీసేసినవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. రెండూ చదివి, ఉండాల్సింది ఉంచి, ఆ గుర్తులు తీసేసి, 'గిట్ యాడ్', ఆ తర్వాత 'గిట్ రీబేస్ --కంటిన్యూ'. గందరగోళం అయిపోతే 'గిట్ రీబేస్ --అబార్ట్' కొట్టండి, మొదట ఉన్నట్టే వచ్చేస్తుంది. సైట్‌లో రిపో తయారుచేసేటప్పుడు రీడ్‌మీ టిక్ పెట్టి, ఇక్కడ వేరుగా ఇనిట్ చేసినవాళ్లకు కూడా ఇదే రిజెక్టెడ్ వస్తుంది, మందూ ఇదే.

పెద్ద ఫైళ్ల సంగతి. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. డేటాసెట్ ఫైళ్లతో మీకు ఇది తగులుతుంది. ఆ ఫైల్ డిలీట్ చేసి ఇంకో కమిట్ చేశాను, అయినా ఒప్పుకోవడం లేదని మొన్న ఒకరు అడిగారు. పాత కమిట్‌లో అది ఇంకా ఉంది, పుష్‌లో అదీ పోతుంది కదా. పుష్ కాని కమిట్లు మీవే కాబట్టి 'గిట్ రీసెట్ --సాఫ్ట్ ఆరిజిన్/మెయిన్' కొట్టండి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, కమిట్లు మాత్రం విప్పుకుంటాయి. ఆ పెద్ద ఫైల్‌ను 'గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్'తో పక్కకు తీసి, దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాసి, మళ్లీ ఒక్క కమిట్ చేయండి. అయితే రీసెట్‌కు ముందు 'గిట్ ఫెచ్' చేసి 'గిట్ స్టేటస్' చూడండి. దోస్తు కొత్త కమిట్లు ఏమైనా ఉంటే మొదట పైన చెప్పిన రీబేస్ పూర్తి చేసుకోండి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ (ప్రాజెక్టు వాడే బయటి లైబ్రరీలు ఉండేది) కూడా మొదటి రోజే గిట్‌ఇగ్నోర్‌లో ఉండాలి. టోకెన్, పాస్‌వర్డ్, ఏపీఐ కీ కోడ్‌లో పెట్టి పుష్ చేస్తే గిట్‌హబ్ కొన్నిటిని గుర్తుపట్టి ఆపేస్తుంది. ఆపినా ఆపకపోయినా, ఒకసారి బయటపడ్డ కీ ఇక పనికిరానిదే. దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఇవన్నీ చూసినా తెగకపోతే నాకు పంపండి, రాత్రి పది దాటినా పర్వాలేదు. ఫోటో వద్దు. టెర్మినల్‌లో మీరు కొట్టిన కమాండ్ నుంచి చివరి లైన్ దాకా కాపీ చేసి పంపండి. దాంతోపాటు 'గిట్ స్టేటస్', 'గిట్ రిమోట్ -వి', 'గిట్ లాగ్ --వన్‌లైన్ -5' ఇచ్చినవి కూడా పెట్టండి. రిమోట్ అడ్రస్‌లో టోకెన్ ఇరుక్కుని ఉంటే పంపే ముందు చెరిపేయండి. ఏ వైఫై మీద ఉన్నారో, ఎవరి కంప్యూటరో ఒక ముక్క రాయండి. అంతవరకు ఫోల్డర్ ముట్టుకోవద్దు.

మీ పెద్దమ్మ,
నల్లగొండ