ట్రిప్ బతికున్నాడా, తాతయ్యా?

పిల్లలూ,

"టీవీలో చచ్చిపోయినవాడు పుస్తకంలో బతికే ఉన్నాడు. రెండిట్లో ఏది నిజం తాతయ్యా?"

ఈ ప్రశ్న మా మనవరాలిది. తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో ‘స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్’ అనే పాత సీరియల్ మొత్తం చూసేసింది. చివరి భాగంలో ట్రిప్ అనే ఇంజనీరు చచ్చిపోయేసరికి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చిందట. ఆ కోపం తీరక, తర్వాత కథ ఎక్కడైనా ఉందేమోనని వెతికితే ఒక నవల దొరికింది. దాంతోపాటు ఆ నవల చదివినవాళ్ళ అభిప్రాయాలు కూడా బోలెడు కనిపించాయి. ఒకాయన చదివి ప్రాణం లేచొచ్చిందన్నాడు. ఇంకొకావిడ ఇది పచ్చి మోసం అంది. మరొకరు కథ బాగుంది, రాత బాగాలేదన్నారు. ఇంతమంది ఇన్ని మాటలంటే చదవాలా మానాలా అని పిల్లకి టెన్షన్. ఫోన్లో చెప్పబోతే సగం విని, మిగతాది తర్వాత అంది. అందుకని మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్టార్ ట్రెక్ అంటే అంతరిక్షంలో ఓడలెక్కి తిరిగేవాళ్ళ కథ. టీవీ సీరియల్‌గా 1966లో అమెరికాలో మొదలైంది. 1980లలో మన దూరదర్శన్‌లో ఆదివారం వచ్చేది. వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట చూసి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేవాళ్ళం. ‘ఎంటర్‌ప్రైజ్’ మాత్రం చాలా తర్వాతిది. 2001లో మొదలై 2005 మే 13న ముగిసింది. నాలుగు సీజన్లు, 98 భాగాలు. మొదటి సీరియల్‌కి ఒక వందేళ్ళ ముందు జరిగినట్టు చెప్పిన కథ. చూసేవాళ్ళు తగ్గారని 2005 ఫిబ్రవరిలో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. కావాలంటే డబ్బులు మేమిస్తాం, ఐదో సీజన్ తీయండి అని అభిమానులు చందాలు కూడా పోగేశారు. పని జరగలేదు.

ఆ చివరి భాగమే గొడవకి మూలం. వీళ్ళ ఆఖరి కథని వీళ్ళకి వదిలెయ్యకుండా, రెండు వందల ఏళ్ళ తర్వాతి మరో ఓడలో రైకర్, ట్రోయ్ అనే ఇద్దరు ఒక గదిలో నిలబడి పాత చరిత్రని చూస్తున్నట్టు తీశారు. మనుషులు, గోడలు, వస్తువులు అన్నీ నిజంలాగే కనిపించే గది అది. ఆ చరిత్రలో ట్రిప్, కెప్టెన్ ఆర్చర్‌ని దుండగుల నుంచి కాపాడటానికి పేలుడు రప్పించి తానే బలైపోతాడు. అభిమానులే కాదు, అందులో టిపాల్ అనే ఓడ అధికారిణి వేషం వేసిన జోలీన్ బ్లాలాక్ కూడా ఆ భాగం తనకి నచ్చలేదని బాహాటంగా చెప్పింది.

రెండేళ్ళకి, 2007లో, ఆండీ మాంగెల్స్, మైకేల్ మార్టిన్ అనే ఇద్దరు కలిసి ‘ద గుడ్ దట్ మెన్ డూ’ అనే నవల రాశారు. అందులో ఇద్దరు ముసలి స్నేహితులు, జేక్, నాగ్, పాత రికార్డులు ముందేసుకుని కూర్చుంటారు. (ఈ ఇద్దరూ ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్లో కుర్రాళ్ళు. వాళ్ళు ముసలివాళ్ళయ్యాక అక్కడ ఎదురవటం నాకు భలే నచ్చింది. ఈ వయసులో నాకు అలాంటివే నచ్చుతాయి.) రికార్డులు చదివేకొద్దీ తెలిసేదేమిటంటే, రైకర్ చూసిన చరిత్ర కావాలని మార్చి రాసింది. ట్రిప్ చావలేదు. చచ్చినట్టు నాటకమాడి, మొహం మార్చుకుని, రొములన్లు అనే శత్రువుల మధ్యకి గూఢచారిగా వెళ్ళాడు. పేరు షేక్స్‌పియర్ నాటకంలోంచి తీసుకున్నారు. మనిషి చేసిన చెడు అతని వెనక మిగిలిపోతుంది, మంచి అతనితోనే మట్టిలో కలిసిపోతుంది అని సీజర్ శవం దగ్గర ఆంటోనీ అంటాడు కదా, అక్కడిది. ట్రిప్ చేసిన మంచి పని లోకానికి తెలియకుండా పూడిపోయింది. పేరు బాగా కుదిరింది.

ఇక ప్రశ్న. ఏది నిజం?

స్టార్ ట్రెక్ హక్కులున్నవాళ్ళ లెక్కలో తెర మీద వచ్చిందే అసలు కథ. పుస్తకాలు లెక్కలోకి రావు. ఇప్పటిదాకా వందల నవలలు వచ్చాయి, వాటిలో ఏదీ తర్వాత తీసే సీరియల్‌ని కట్టిపడెయ్యదు. కాబట్టి ట్రిప్ చచ్చిపోయాడు. ఇది ఆఫీసు జవాబు. మీకు ఈ జవాబు సరిపోదని నాకు తెలుసు, నాకూ సరిపోలేదు.

ఇంట్లో పాలు తోడుపెట్టడం చూశారా? చూడకపోతే ఇవాళ రాత్రి మీ అమ్మ పక్కనో నాన్న పక్కనో నిలబడి చూడండి. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతారు. చిటికెన వేలు ముంచి చూస్తారు. నిన్నటి పెరుగు ఒక్క చెంచా వేసి, కలిపి, మూతపెట్టి, కదపొద్దురా అని ఒక కేక వేస్తారు. తెల్లారేసరికి గిన్నె నిండా పెరుగు. అది నిన్నటి పెరుగేనా? కాదు, పాలు కొత్తవి. పోనీ కొత్త పెరుగా? నిన్నటి చెంచా లేకపోతే పేరుకునేదే కాదు. ముగిసిపోయిన సీరియల్‌కి కొనసాగింపు రాయడం కూడా అంతే. తోడు పాతది, పాలు రాసినవాళ్ళవి.

పాలు మరీ వేడిగా ఉండగా తోడువేస్తే విరిగిపోతుంది. రాసేవాళ్ళు తమ ఆవేశమంతా పాత మనుషుల మీద కుమ్మరిస్తే జరిగేది అదే, ఎవరూ తమలా మిగలరు. చల్లారిపోయాక వేస్తే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. ఓడ పేరు, మనుషుల పేర్లు ఉంటాయి గానీ కథ పేరుకోదు. తోడు ఎక్కువైతే పులుస్తుంది. ఈ నవల మీద చాలామంది పెట్టిన వంక ఇదే. ఏ పాత భాగంలో ఎవరు ఏమన్నారో, ఏ గ్రహం పేరు ఎక్కడ వినిపించిందో అన్నీ గుర్తుచేస్తూ పోయారని. నేనూ ఒప్పుకుంటాను. కొన్ని పేజీలు కథలా కాక గైడు పుస్తకంలా ఉన్నాయి.

తినేవాళ్ళ సంగతి కూడా చూడండి. మా ఇంట్లో ఒకే గిన్నెలో పెరుగుకి నలుగురు నాలుగు మాటలంటారు. తియ్యగా ఉందని ఒకరు, కమ్మదనం లేదని ఒకరు, మీగడ ఏదని ఒకరు. నాలుగో మనిషి మా ఆవిడ, మా పుట్టింట్లో ఇలా ఉండేది కాదంటుంది. ఈ నాలుగోదాన్ని జాగ్రత్తగా వినాలి, అది గిన్నెలో పెరుగు గురించి చెప్పిన మాట కాదు. నవల మీద అభిప్రాయాల్లో సగం ఈ జాతివే. ట్రిప్‌ని బతికించారు కాబట్టి గొప్ప నవల అన్నవాడూ, చచ్చినవాణ్ణి లేపారు కాబట్టి పనికిమాలిన నవల అన్నవాడూ తమ మనసులో ఉన్నది చెప్పారు. అది తప్పని అనను, మనసు కూడా ఉండాలి. ఆవుపాలా గేదెపాలా అని మాత్రం అడక్కండి. పోలిక అంత దూరం నడవదు, ఇప్పటికే చాలా నడిపించాను.

నా చిన్నప్పటి సంగతొకటి చెప్పనివ్వండి. మా ఊళ్ళో వారపత్రిక కొనేది ఒక్క కరణంగారి ఇల్లే. నాలుగిళ్ళు తిరిగి మా ఇంటికొచ్చేసరికి దానికి అట్ట ఉండేది కాదు. అందులో వచ్చే సీరియల్ అంటే మా పెద్దమ్మకి ప్రాణం. ఆవిడకి చదువు రాదు. మధ్యాహ్నం వసారాలో దూది ఏకుతూ, వత్తులు చేసుకుంటూ కూర్చునేది, మా అన్నయ్య చదివి వినిపించాలి. ఒక వారం చూద్దుము కదా, సరిగ్గా సీరియల్ ఉండే పేజీలే లేవు. ఎవరింట్లోనో పొట్లం కట్టేశారు. మిగిలిన కాగితాలకి కూడా నూనె మరకలు. అన్నయ్య ఆ మాట చెప్పలేదు. పొలానికి ఎరువులు ఎలా వెయ్యాలో రాసిన పేజీ ముందు పెట్టుకుని, తడుముకోకుండా కథ చదవడం మొదలెట్టాడు. నేను పక్కనే కూర్చుని ఆ పేజీ చూస్తున్నాను. నవ్వాపుకోలేక చచ్చాను. దుర్మార్గుడైన బావమరిది అర్ధరాత్రి బావిలో పడ్డాడు. కథానాయిక బావి గట్టు మీద నిలబడి, ‘తగిన శాస్తి జరిగింది’ అని పెద్దగా నవ్వింది.

పెద్దమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. "ఆ పిల్ల అలా అనదురా" అంది.

మళ్ళీ చదివాను పెద్దమ్మా, అలాగే ఉంది అన్నాడు అన్నయ్య. "ఉంటే రాసినవాడికి మతి పోయుండాలి. ఆ పిల్ల తాడు తెమ్మని అరుస్తుంది గానీ నవ్వదు. పోతే, వాడు బావిలో పడ్డం మాత్రం బాగుంది."

పిల్లలూ, ఒక కొనసాగింపు మీద ఇంతకన్నా మంచి అభిప్రాయం నేను ఎక్కడా చదవలేదు. ఏం జరిగిందన్న దానితో ఆవిడకి పేచీ లేదు. బావిలో పడ్డం కొత్తదే అయినా ఒప్పేసుకుంది. ఆ మనిషి ఆ మనిషిలా మాట్లాడిందా లేదా అన్నదగ్గరే పట్టుకుంది. కనక ఎవరి అభిప్రాయమైనా చదివేటప్పుడు అందులో ఈ సంగతి ఉందేమో చూడండి. ‘సూపర్’, ‘చెత్త’ అని వదిలేసినవి దాటిపోండి. పులిసిందో నీళ్ళయిందో చెప్పకుండా చెత్త అంటే వండినవాళ్ళకీ తినబోయేవాళ్ళకీ ఉపయోగం లేదు. మీరు రాసినా అంతే, ఎక్కడ నచ్చలేదో ఆ చోటు చూపించండి.

ట్రిప్ ఫ్లోరిడా కుర్రాడు. మాటలో దక్షిణాది సాగతీత, ఎదుటివాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా మనసులో మాట అనేసే తత్వం. అలాంటివాడు మొహం మార్చుకుని, నోరు కట్టుకుని, శత్రువుల మధ్య బతకాలి. రచయితలు తమకి తామే పెట్టుకున్న కష్టమైన పరీక్ష ఇది. నా మట్టుకు చాలాచోట్ల అతను ట్రిప్ లాగే వినిపించాడు. అతనికి భయమేసిన చోట మరీను. అందుకే పులుపున్నా గిన్నె ఖాళీ చేశాను. ఆ తర్వాత 2008లో ఇంకో నవల, ఆపైన రొములన్లతో యుద్ధం మీద 2009లో ఒకటి, 2011లో ఒకటి వచ్చాయి.

కొనసాగింపులకి ఇంకో కష్టం ఉంది. ఇతర స్టార్ ట్రెక్ సీరియళ్ళకి 2001 ప్రాంతం నుంచి ఇలాగే నవలల మీద నవలలు అల్లుకుంటూ వచ్చారు. 2020లో ‘పికార్డ్’ అనే కొత్త సీరియల్ తెర మీదకి వచ్చి అదే కాలాన్ని వేరేలా చెప్పింది. ఇరవయ్యేళ్ళ అల్లిక ఒక్కసారిగా పక్కకి పోయింది. అప్పుడు ఆ రచయితల్లోనే ముగ్గురు, డేటన్ వార్డ్, జేమ్స్ స్వాలో, డేవిడ్ మాక్, 2021లో తలా ఒక నవల రాసి తమ కథకి తామే ముగింపు చెప్పేశారు. ఇంత విషాదం దేనికని నొచ్చుకున్న పాఠకులున్నారు, గౌరవంగా సాగనంపారన్నవాళ్ళూ ఉన్నారు. నేను రెండో జట్టు.

అసలు ఈ రొములన్ యుద్ధం ఎక్కడిదో తెలుసా? 1966 డిసెంబరులో వచ్చిన మొదటి సీరియల్ భాగం ఒకదానిలో స్పాక్ అనే ఓడ అధికారి నాలుగు మాటల్లో చెప్పేస్తాడు. వందేళ్ళ కిందట ఒక యుద్ధం జరిగింది. ఓడలో వాళ్ళు ఓడలో ఉండే కొట్టుకున్నారు. సంధి కూడా రేడియో మీదే కుదిరింది. ఇటువాళ్ళు అటువాళ్ళ మొహం ఎన్నడూ చూడలేదు. అంతే, తర్వాత వేరే మాటలోకి వెళ్ళిపోతారు. ఆ కాస్త మాట నలభయ్యేళ్ళు అలా పడుండి, ఎవరో వచ్చి తీసి ఇన్ని వందల పేజీలు చేశారు. అది ఎలా జరుగుతుందో నన్నడిగితే చెప్పలేను. తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది, అంతే.

మీరు ఒక పని చెయ్యండి. ఆ 1966 నాటి భాగం చూడండి. దాని పేరు ‘బాలెన్స్ ఆఫ్ టెర్రర్’. శత్రువు మొహం మొదటిసారి తెర మీద కనబడ్డప్పుడు ఓడలో అందరూ ఎవరి వైపు తిరుగుతారో గమనించండి. తర్వాత నవల తెరవకముందే, ఎవరి అభిప్రాయమూ చదవకముందే, ఆ పాత యుద్ధంలో ఒక రాత్రి ఎలా గడిచి ఉంటుందో మీకు తోచినట్టు ఒక పేజీ రాయండి. కావాలంటే ట్రిప్‌ని బతికించుకోండి, వద్దంటే మానండి. రాసింది సీరియల్ బాగా తెలిసిన స్నేహితులకి చదివి వినిపించండి, కానీ మాట్లాడేది ఎవరో పేర్లు చెప్పకండి. వాళ్ళు కనిపెట్టగలిగితే నాకు పోస్టులో పంపించండి. అక్షర దోషాలు దిద్దను, మాటిస్తున్నాను.

మీ
తాతయ్య