రాయలసీమ వెలుతురును కాగితం మీద పట్టాలంటే

గండికోట లోయ అంచున సాయంత్రం బొమ్మ వేయడానికి కూర్చున్న చిత్రకారుడికి సంజె వెలుగు మహా పొదుపుగా దొరుకుతుంది. సూర్యబింబం పూర్తిగా దిగిపోయాక, దీపం అవసరం లేకుండా పని సాగే వెలుతురు మార్చి, సెప్టెంబరు నెలల్లో సుమారు 21 నిమిషాలే ఉంటుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి చేరేవరకు పట్టే సమయం అది. అదే నెలల్లో ఫ్రాన్సులోని రూఆన్ నగరంలో ఆ వెలుగు 32 నిమిషాల దాకా నిలుస్తుంది. జూన్‌లోనైతే 40 దాటుతుంది. గండికోట 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉంది కనుక సూర్యుడు ఇక్కడ దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. 49 డిగ్రీలు దాటిన రూఆన్‌లో ఏటవాలుగా జారుతూ దిగుతాడు.

రూఆన్ ఊసు ఎందుకంటే, వెలుతురు మార్పును పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే 1892లోనూ 1893లోనూ అక్కడి కెథడ్రల్‌కు (పెద్ద చర్చికి) ఎదురుగా గదులు అద్దెకు తీసుకుని, ఆ కట్టడాన్నే 30కి పైగా కాన్వాసుల మీద వేశాడు. వెలుగు మారగానే ముందున్న కాన్వాసు పక్కన పెట్టి, ఆ వేళకు తగిన మరొకదాన్ని అందుకునేవాడు. అది పడమటి ముఖం. ఉదయమంతా నీడలో ఉండి, మధ్యాహ్నం దాటాకే ఎండ మొహం చూస్తుంది. అయితే ఆ బొమ్మలకు చివరి మెరుగులు దిద్దింది 1894లో, ఇంట్లో కూర్చుని. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. అప్పటికప్పుడు వేసినట్టు కనిపించే ఆ చిత్రాల్లో జ్ఞాపకం వాటా చిన్నదేమీ కాదు. సంజె ఇంత తొందరపడే మన దగ్గర ఆ వాటా ఇంకా పెరగక తప్పదు.

అంత కొద్దిసేపట్లో రంగులు అంతగా ఎందుకు మారతాయి? గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు చిన్నవి. అవి పొట్టి తరంగాలనే ఎక్కువగా చెదరగొడతాయి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ తేల్చిన సూత్రం ప్రకారం 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. నడినెత్తి సూర్యుడి కిరణం దాటే గాలితో పోలిస్తే, దిగంతం మీది సూర్యుడి కిరణం సుమారు 38 రెట్ల గాలిని దాటాలి. దారిలోనే నీలం రాలిపోతుంది, మనదాకా నారింజ, ఎరుపు మిగులుతాయి. గండికోట రాళ్లు ఇనుప ఆక్సైడు వల్ల ఎలాగూ ఎర్రనివి. (చిత్రకారుడి పెట్టెలోని ఎర్రమట్టి రంగులకు ఎరుపునిచ్చేదీ అదే ఇనుప ఆక్సైడు.) వాటి మీద ఆ ఎండ పడితే రాయి మండుతున్నట్టుంటుంది. కానీ బింబం దిగి చీకట్లు ముసిరేకొద్దీ కంటిలో రంగులు పట్టే శంకు కణాలు వెనక్కి తగ్గి, మసక వెలుగులో చూసే దండ కణాలు పనిలోకి వస్తాయి. వాటికి ఎరుపు దాదాపు తెలియదు. అందుకే లోయలో ముందుగా నల్లబడేది ఎర్రరాయి. పక్కనున్న పొదలు ఇంకాసేపు పాలిపోయిన వెలుగుతో కనిపిస్తూనే ఉంటాయి. 1819లో ఈ మార్పును గుర్తించిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరే దీనికి పెట్టారు.

ఎండ రంగు పట్టడం తేలికే, నీడ దగ్గరే చెయ్యి తడబడుతుంది. సున్నం వేసిన గోడ మీద వేపచెట్టు నీడ ఏ రంగు అని అడిగితే ఎవరైనా బూడిద రంగు అంటారు. ఆ నీడలోకి సూర్యుడి ఎండ నేరుగా రాదు, వచ్చేది ఆకాశపు కాంతి. ఆకాశం నీలం కాబట్టి నీడలోనూ నీలమే ఉండాలి. ఉంటుంది కూడా, మెదడే దాచేస్తుంది. చుట్టూ ఉన్న వెలుతురు రంగును లెక్కలోంచి తీసేసి, గోడ తెల్లనిది అన్న తీర్పును మాత్రమే మనకు అందిస్తుంది. పగటి ఎండలోనూ రాత్రి పసుపు బల్బు కిందా అన్నం తెల్లగానే కనిపించడం దాని పుణ్యమే. బతుకుకు అదెంత సాయమో బొమ్మకు అంత అడ్డంకి. దీన్ని తప్పించుకునే ఉపాయం ఒకటుంది, ఖర్చు లేనిది. బూడిదరంగు అట్టముక్కకు పెన్సిలు దూరేంత రంధ్రం చేసి, ఒంటికంటితో అందులోంచి నీడను మాత్రమే చూడాలి. చుట్టుపక్కల గోడ కనిపించకపోతే మెదడుకు సవరించే ఆధారం పోతుంది, దాచిన నీలం బయటపడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఒక పట్టాన నమ్మరు.

దూరపు కొండలకు గాలే రంగు వేస్తుంది. నంద్యాల నుంచి చూస్తే నల్లమల నీలంగా ఉంటుంది, దాని మీద చెట్లన్నీ పచ్చనివే అయినా. మధ్యలోని గాలి చెదరగొట్టిన నీలం మన చూపుకు అడ్డంగా వచ్చి కలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ ముదురు ఛాయలు తేలికై అంచులు కరుగుతాయి. వాన వెలిసిన మర్నాడు అదే కొండ ఊరి దగ్గరికి జరిగినట్టుంటుంది. వేసవిలో ధూళి లేచిందంటే కథ తిరగబడుతుంది. ధూళి కణాలు అణువుల కన్నా చాలా పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. కొండ నీలం కోల్పోయి పాలిపోతుంది. ఏప్రిల్‌లో అనంతపురం శివారు గుట్టలను వేస్తూ అలవాటుగా నీలం అందుకుంటే ఆ గుట్టలు ఇంకెక్కడివో అవుతాయి.

గాలిలోని మసక బొమ్మలోకి ఎంతవరకు ఎక్కుతుందో 2023లో వచ్చిన ఒక అధ్యయనం కొలిచింది. ఇంగ్లిషు చిత్రకారుడు టర్నర్, మొనే వేసిన దాదాపు వంద చిత్రాల్లో అంచుల పదును, తెలుపు ఎంతెంత ఉన్నాయో లెక్కించి, ఆ కాలంలో లండన్, పారిస్‌లలో బొగ్గు పొగ పెరిగిన తీరుతో పోల్చారు. పొగ పెరిగేకొద్దీ అంచులు మసకబారాయి, రంగులు తెల్లబడ్డాయి. అయినా చిత్రకారుడి శైలి వాటాను పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. మొనే పొగమంచు కోసమే లండన్‌కు వెళ్లిన మనిషి.

ఇక మిట్టమధ్యాహ్నం. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం తొలిరోజుల్లో మరోసారి కర్నూలులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు స్తంభం నీడ దాని పాదం దాటి బయటికి రాదు. ఆ వేళ వెలుతురు చప్పగా ఉంటుందని చిత్రకారులు కుంచెలు కడిగేస్తారు. నాకైతే సీమకు సొంతమైన వెలుతురు అదే అనిపిస్తుంది. కొండారెడ్డి బురుజు గోడలకు అప్పుడు నేరుగా ఎండ తగలదు. పైనుంచి ఆకాశం, కిందినుంచి నేల వాటిని వెలిగిస్తాయి. ఎండకు కాగిన నేల తన రంగును పైకి విసురుతుంది కనుక గోడ అడుగుభాగం, ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ల కింది అంచులు వెచ్చని వన్నె తిరుగుతాయి. మామూలుగా చీకటిగా ఉండాల్సిన చోటే వెలుగు కనిపిస్తుంది. దీన్ని నీటిరంగుల్లో పట్టడానికి ఒక చిక్కుంది. 40 డిగ్రీల పొడిగాలిలో మొదటి పూత ఆరేలోగా రెండోది కలపడం కుదరదు. నీటిలో రెండు చుక్కల గ్లిజరిన్ వేస్తే తడి మరికాస్త నిలుస్తుంది. కాగితం మాత్రం చిన్నదిగా ఉండాలి, పోస్టుకార్డు అంత ఉంటే నయం.